జన్యువును కణంలోకి లాక్కెళ్లేది అయస్కాంతమేనా?

అయస్కాంతం సాయంతో కణాల్లోకి జన్యువును పంపే పద్ధతి (మాగ్నెటోఫెక్షన్) గురించి ఈ సందేహం వస్తుంది. కాదు, అయస్కాంతం జన్యువును కణం పైపొర దాకా మాత్రమే చేరుస్తుంది, లోపలికి మింగేది కణమే. ఐరన్ ఆక్సైడ్ నానో రేణువులకు పాలీఇథిలీనిమైన్ లాంటి ధనావేశపు పాలిమర్ పూత వేస్తారు. డీఎన్‌ఏది రుణావేశం కాబట్టి దానికి అతుక్కుంటుంది. మామూలుగా ఇవి ద్రవంలో తేలుతూ గంటల తరబడి మెల్లగా దిగుతాయి. అడుగున అయస్కాంతం ఉంటే నిమిషాల్లో కణాల మీద వాలిపోతాయి.

ఉదాహరణకు కణాలను పెంచే 24 గుంటల ప్లేటులో గుంటకు అర మైక్రోగ్రాము ప్లాస్మిడ్ (జన్యువును మోసే గుండ్రటి డీఎన్‌ఏ) తీసుకుని, సీరం (రక్తం నుంచి తీసే ద్రవం) లేని పోషక మాధ్యమంలో రేణువులతో కలిపి 20 నిమిషాలు ఉంచాలి. సీరం ఉంటే అందులోని ప్రోటీన్లు రేణువులను చుట్టేసి డీఎన్‌ఏను సరిగా అంటనివ్వవు. చాలా ప్రయోగాలు చెడేది ఇక్కడే. తర్వాత కణాల మీద వేసి, ప్లేటును మరో 20 నిమిషాలు నియోడిమియం అయస్కాంతపు పలక మీద పెట్టాలి. సూక్ష్మదర్శినిలో గోధుమరంగు గడ్డలు కనిపిస్తే రేణువులు ముద్దకట్టినట్టే, వాటి కింది కణాలు బతకడం కష్టం.

అయస్కాంతం ఎంత బలంగా ఉంటే జన్యువు అంత సులువుగా కేంద్రకంలోకి వెళ్తుందనుకోవడం అపోహ. కణం రేణువును చిన్న సంచిలా చుట్టి మింగుతుంది, అందులోంచి బయటపడేందుకు పాలిమర్ తోడ్పడుతుంది. కేంద్రకం గడప దాటించడం అయస్కాంతం వల్ల కాదు. కణం విభజన చెందేటప్పుడు కేంద్రకపు పొర కాసేపు విడిపోతుంది, అందుకే చురుగ్గా విభజన చెందే కణాల్లోనే ఫలితం మెరుగ్గా కనిపిస్తుంది.