కారు బ్యాటరీ నుంచి 5 వోల్టులు తీసుకోవాలంటే

మీరు అడిగింది ఇది: కారులో రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు, దానికో కెమెరా పెట్టాలి. బోర్డుకు 5 వోల్టులు కావాలి. బ్యాటరీ 12 వోల్టులది కాబట్టి రెండు రెసిస్టర్లతో విభజిస్తే చాలా, లేక 7805 రెగ్యులేటరు (ఎంత వోల్టేజీ వచ్చినా 5కు దించి నిలిపే చిప్పు) పెట్టాలా?

రెండూ వద్దు. బక్ కన్వర్టర్ పెట్టండి, అంటే స్విచ్చులా తెరుచుకుని మూసుకుంటూ వోల్టేజీని దించే సర్క్యూట్. బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టండి. జవాబు ఇంతే. అయితే ఈ పనిలో నేను ఒక బోర్డు కాల్చుకున్నాను, కొన్ని వారాలు పోగొట్టుకున్నాను. మీకు ఆ నష్టం రాకూడదని వివరంగా రాస్తున్నాను.

రెసిస్టర్ల సంగతి ముందే తేల్చేద్దాం. 1,400 ఓమ్‌లు, 1,000 ఓమ్‌లు వరుసగా పెడితే మల్టీమీటరులో కచ్చితంగా 5 వోల్టులు కనబడతాయి. చూసి సంబరపడతాం. కానీ అర ఆంపియరు లాగే బోర్డు అంటే దాదాపు 10 ఓమ్‌ల లోడు. దాన్ని తగిలించగానే ఆ 5 వోల్టులు పదో వంతు వోల్టు కూడా లేకుండా పడిపోతాయి. పోనీ చిన్న ఓమ్‌ల రెసిస్టర్లు పెడదామంటే అవి పొయ్యిలా కాలుతాయి, పైగా బోర్డు లాగే కరెంటు మారినప్పుడల్లా వోల్టేజీ ఊగుతుంది. బోర్డు కరెంటు ఎప్పుడూ ఒకేలా ఉండదు.

అసలు పట్టించుకోవలసింది ఇంకొకటి ఉంది. కారు బ్యాటరీ మీద 12 అని రాసి ఉంటుంది గాని అది 12 దగ్గర నిలవదు. లోపల ఆరు సెల్లులు. నిండా చార్జ్ అయి, ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు. ఇంజిను తిరుగుతూ ఆల్టర్నేటరు (ఇంజినుతో తిరిగి కరెంటు పుట్టించేది) చార్జ్ చేస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 దాకా. తాళం తిప్పి స్టార్ట్ చేసే ఆ క్షణంలో 9కి, బ్యాటరీ పాతదైతే ఇంకా కిందికి. అన్నిటికన్నా ప్రమాదం ఇంకోటి: ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ వదులై ఊడితే, ఆల్టర్నేటరు ఆ క్షణంలో పెద్ద వోల్టేజీని వైర్ల మీదికి తోస్తుంది. వాహనాల విద్యుత్తు పరీక్షల ప్రమాణం ఐఎస్ఓ 16750-2 ఈ దెబ్బను, అణచే ఏర్పాటు లేని 12 వోల్టుల బండిలో 79 నుంచి 101 వోల్టుల దాకా లెక్కలోకి తీసుకుంటుంది; ఆల్టర్నేటరులోనే అణచే ఏర్పాటు ఉంటే 35 వోల్టులు. కాబట్టి అణచే ఏర్పాటున్న బండిలో కూడా మనం దించవలసింది 12ను కాదు, 6 నుంచి 35 దాకా ఎటైనా పోగల వోల్టేజీని. బయటికి ఎంత కావాలన్నది సులువైన లెక్క. లోపలికి ఏమొస్తుందన్నదే చూసుకోవాలి.

ఇక నా అనుభవం. మేము చెన్నైలో పెరంబూరులో ఉంటాం. మా బాబాయికి టాక్సీ ఉంది, ఎక్కువగా తిరుపతి ట్రిప్పులు వేస్తాడు. ముందు అద్దం దగ్గర కెమెరా కావాలన్నాడు. రిచీ స్ట్రీట్‌కు వెళ్లి 7805, రెండు కెపాసిటర్లు, చిన్న అల్యూమినియం హీట్‌సింకు తెచ్చి, డాష్‌బోర్డు కింద బిగించాను. ఇంట్లో బల్ల మీద గంటలకొద్దీ చక్కగా నడిచింది. వారం తిరక్కుండా బాబాయి ఫోను చేశాడు. "ఒరేయ్, నీ కెమెరా పగలు పడుకుంటుంది, రాత్రి మేలుకుంటుంది" అన్నాడు.

అతను చెప్పింది అక్షరాలా నిజం. మేలో ఒక మధ్యాహ్నం నేనూ పక్క సీట్లో కూర్చుని తిరుత్తణి దాకా వెళ్లాను. పది నిమిషాలు నడుస్తుంది, ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ లేస్తుంది. హీట్‌సింకును వేలితో తాకబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆ రాత్రి కాగితం తీసుకుని లెక్క వేస్తే అంతా అర్థమైంది. ఇంజిను నడుస్తున్నప్పుడు 14.2 వోల్టులు వస్తున్నాయి. 5 పోను మిగిలిన 9.2 వోల్టులను 7805 వేడిగా మార్చి పారబోయాలి. అర ఆంపియరు దగ్గర అది 4.6 వాట్లు. బోర్డుకు అందేది మాత్రం రెండున్నర వాట్లే. వేడిని గాలిలోకి వదలడానికి నేను పెట్టిన చిన్న హీట్‌సింకుతో, పారబోసే ప్రతి వాటుకు చిప్పు లోపల సుమారు 20 డిగ్రీలు పెరుగుతుంది. అంటే చుట్టూ ఉన్న గాలి కన్నా చిప్పు లోపల 92 డిగ్రీలు ఎక్కువ. రాత్రి 32 డిగ్రీల గాలిలో అది 124, పనిచేస్తుంది. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు కింద 60 డిగ్రీలైతే 152. చిప్పు తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. చిప్పులో లోపం లేదు. దానికి చేతకాని పని నేను అప్పగించాను. 50 మిల్లీఆంపియర్లు లాగే చిన్న సెన్సారుకైతే 7805 ఇప్పటికీ మంచిదే, నేనూ వాడతాను.

బక్ కన్వర్టర్ ఆ మిగులు వోల్టేజీని కాల్చి పారేయదు. లోపలి స్విచ్చు సెకనుకు లక్షసార్లకు పైగా తెరుచుకుని మూసుకుంటూ, కాయిల్‌లో శక్తిని నింపి మెల్లగా వదులుతుంది. అందరికీ సులువుగా దొరికేది ఎల్ఎం 2596 చిప్పున్న మాడ్యూల్. దాని లెక్కలు: 150 కిలోహెర్ట్జ్, 3 ఆంపియర్లు, 40 వోల్టుల దాకా ఇన్‌పుట్. అదే రిచీ స్ట్రీట్‌లో దొరికే చిన్న ఎంపీ 1584 మాడ్యూల్ ముచ్చటగా ఉంటుంది గాని దాని హద్దు 28 వోల్టులే. కారులో నేను దాన్ని పెట్టను. చవక మాడ్యూళ్ల మీది 3 ఆంపియర్ల మాట కూడా పూర్తిగా నమ్మకండి. ఎండలో ఒకటిన్నర, రెండు దగ్గర ఆపితే మంచిది. మీ బోర్డు రాస్ప్‌బెర్రీ పై 4 అయితే దానికి 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇవ్వగల సరఫరా కావాలి కాబట్టి ఇంకా పెద్ద మాడ్యూల్ చూడండి.

బోర్డు కాలింది ఈ మాడ్యూల్‌తోనే. దాని మీద అవుట్‌పుట్ వోల్టేజీని సరిచేసే నీలిరంగు ప్రీసెట్ ఉంటుంది, పైన ఇత్తడి స్క్రూ. ఒకటి రెండు చుట్లతో ఏమీ మారదు, అది చాలా చుట్లు తిరిగేది. నేను కొన్న మాడ్యూల్ అవుట్‌పుట్ మొదట్లో ఇన్‌పుట్‌తో దాదాపు సమానంగా ఉంది. పది చుట్లు తిప్పినా మల్టీమీటరులో 12.1 కదల్లేదు. వెనక్కి తిప్పుకుంటూ పోతే, చివరికి చేరినప్పుడు టిక్ అని సన్నటి చప్పుడు వినిపించింది. రెండో వైపు తిప్పగా తిప్పగా అంకెలు దిగడం మొదలైంది. 5.1 దగ్గర ఆపాను. అంతా బాగుంది. తర్వాత కారులో బిగిస్తూ, స్క్రూడ్రైవరు మొన ఆ స్క్రూకు తగిలినట్టుంది. మళ్లీ కొలవకుండా బోర్డు తగిలించాను. పొగ రాలేదు, చప్పుడు లేదు, కాలిన వాసన మాత్రం వచ్చింది. అప్పుడు కొలిస్తే 7 దాటి ఉంది.

అందుకే గట్టిగా చెబుతున్నాను: మాడ్యూల్‌ను దాని చోట బిగించాక, లోడు లేకుండా, ఇంకోసారి కొలవండి. తర్వాతే బోర్డు. స్క్రూ మీద చుక్క గోళ్ల రంగు వేయండి, రోడ్డు కుదుపులకు కదలదు. ఇంకా మంచి దారి, ప్రీసెట్ అసలే లేని 5 వోల్టుల స్థిర రకం అడిగి తీసుకోవడం. కన్వర్టర్‌లోని స్విచ్చు షార్టయితే బ్యాటరీ వోల్టేజీ నేరుగా బోర్డు మీద పడుతుంది కాబట్టి అవుట్‌పుట్‌కు అడ్డంగా 5.6 వోల్టుల, 5 వాట్ల జీనర్ డయోడు కూడా పెట్టాను. వోల్టేజీ 5.6 దాటగానే అది కరెంటును తన గుండా లాగి, తాను చచ్చి ఫ్యూజును పోగొడుతుంది, బోర్డు మిగులుతుంది. ఇన్‌పుట్ వైపు 24 వోల్టుల టీవీఎస్ డయోడు, 1,500 వాట్ల రకం. వోల్టేజీ ఎగిరినప్పుడు దాన్ని 39 వోల్టుల దగ్గర అణచడం దీని పని.

వైర్ల విషయంలో చాలామంది చేసే పొరపాటు, బ్యాటరీ దగ్గరే 5కు దించి, అక్కడి నుంచి పొడవాటి సన్న వైరు లాగడం. అర చదరపు మిల్లీమీటరు రాగి వైరు రెండు మీటర్లు, పోను రాను నాలుగు మీటర్లు. 2 ఆంపియర్ల దగ్గర పావు వోల్టు పైగా అందులోనే పోతుంది. రాస్ప్‌బెర్రీ పై బోర్డు 4.63 వోల్టుల దగ్గర వోల్టేజీ తగ్గిందని హెచ్చరిస్తుంది. కాబట్టి 12ను బోర్డు దాకా తీసుకెళ్లి, అక్కడ దించండి.

ఫ్యూజు మాత్రం బ్యాటరీకి జానెడు దూరంలో ఉండాలి. అది కాపాడేది మీ బోర్డును కాదు, వైరును. కారు బ్యాటరీ షార్టయితే వందల ఆంపియర్లు పారతాయి, వైరు తొడుగు అంటుకుంటుంది. మీ లోడుకు 3 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. పనిచేసేటప్పుడు ముందు నెగటివ్ టెర్మినల్ ఊడదీయండి, చివర్లో దాన్నే బిగించండి. పాజిటివ్ మీద ఉన్న స్పానరు బాడీకి తగిలితే మెరుపు వస్తుంది. అది కళ్ల ముందు చూస్తే మళ్లీ మరచిపోలేరు.

మిగిలింది స్టార్టింగ్ సమస్య. తాళం మొదటి మెట్టులో వచ్చే యాక్సెసరీ లైను చాలా కార్లలో స్టార్ట్ చేసే క్షణంలో పూర్తిగా ఆగుతుంది. బోర్డు కూడా ఆగి, మెమరీ కార్డు పాడవచ్చు. బాబాయి కారులో రెండు కార్డులు ఇలాగే పోయాయి. అందుకని బోర్డుకు వేరే స్విచ్చు పెట్టి, ఇంజిను లేచాకే వేయమని చెప్పాను. ఎప్పుడూ కరెంటుండే లైనుకు కలిపితే ఈ బాధ లేదు, కానీ అప్పుడు నిలిపి ఉంచిన కారు బ్యాటరీ దిగిపోతుంది. 5 వాట్ల లోడంటే బ్యాటరీ వైపు దాదాపు అర ఆంపియరు. చిన్న కారు 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒకటిన్నర రోజులో సగానికి వస్తుంది. 12.2 వోల్టుల దగ్గర లోడును తెంచే కటాఫ్ బోర్డు తప్పనిసరి.

మీ బోర్డు ఏ మోడల్, కారు ఆపినప్పుడు కూడా కెమెరా నడవాలా, ఈ రెండూ చెప్పండి. దాన్ని బట్టి కటాఫ్ ఎలా కలపాలో బొమ్మ గీసి పెడతాను.