ఐదో రోజు రాత్రి డ్యూటీ

తల్లీ,

నిన్ను సర్జికల్ వార్డులో వేశారని మీ అమ్మ చెప్పింది. వచ్చే వారం నుంచి రాత్రి డ్యూటీలట కదా. ఫోనులో చెబితే సగం మరిచిపోతావు, అందుకే రాస్తున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ మంచాల మధ్యే తిరిగిన పెద్దమ్మ మాట, కాస్త పొడవైనా ఓపికగా చదువు.

పేగు కోసి కుట్టిన రోగి చుట్టూ మొదటి రెండు రోజులు అందరూ ఉంటారు. అసలు గండం ఐదో రోజు నుంచి ఏడో రోజు దాకా. పేగు అతుకు వదిలితే ఎక్కువగా అప్పుడే బయటపడుతుంది. అప్పటికి డాక్టర్లు కొత్త కేసుల్లో మునిగిపోయి ఉంటారు. ఇంటివాళ్ళు ధైర్యం తెచ్చుకుని ఒకసారి ఊరికి వెళ్ళొస్తామంటారు. మంచం దగ్గర మిగిలేది నువ్వే.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. యాభై దాటిన రైతు, పేగు మెలిపడితే కొంత ముక్క తీసి అతికారు. ఐదో రాత్రి. జ్వరం లేదు. కట్టు పొడిగా ఉంది. పొట్టలో చేరే నీరు, రక్తం బయటికి రావడానికి పెట్టే డ్రెయిన్ గొట్టం బ్యాగులో సాయంత్రం నుంచి చుక్క దిగలేదు. నాడి మాత్రం నిమిషానికి 118. ఎక్కిళ్ళు ఆగడం లేదు. దుప్పటి అంచు లాగుతాడు, లేచి కూర్చుంటానంటాడు, మళ్ళీ వాలిపోతాడు. ఆయన భార్య రెండుసార్లు నా బల్ల దగ్గరకు వచ్చి, "సిస్టరమ్మా, మనిషి నిన్నటిలా లేడు" అంది. నొప్పికి అలాగే ఉంటుందిలే అని ఇంజెక్షన్ ఇచ్చాను. డ్రెయిన్ ఖాళీగా ఉంది కాబట్టి లోపల బాగానే ఉందనుకుని, షీటులో "నిలకడగా ఉన్నాడు" అని రాశాను. తెల్లవారుజామున బీపీ దొరకలేదు. పొట్ట మళ్ళీ తెరిస్తే లోపలంతా మలం కలిసిన నీళ్ళు. డ్రెయిన్ గొట్టంలో గడ్డకట్టిన రక్తం అడ్డుపడి ఉంది. ఆయన బతికాడు. కానీ నలభై రోజులకు పైగా మా వార్డులోనే ఉన్నాడు, రెండెకరాలు అమ్ముకున్నాడు. ఆ షీటు మీది నా చేతిరాత ఇప్పటికీ కళ్ళకు కడుతుంది.

నేను జ్వరం కోసం చూస్తూ కూర్చున్నాను. పారాసెటమాల్ వేళ తప్పకుండా నరంలోకి వెళుతుంటే జ్వరం ఎక్కడ కనబడుతుంది? వయసు మళ్ళినవారికి, స్టెరాయిడ్లు వాడేవారికి పొట్టలో చీము పట్టినా ఒళ్ళు వేడెక్కకపోవచ్చు. వీపులో నొప్పి మందు ఎక్కించే ఎపిడ్యూరల్ గొట్టం ఉంటే నొప్పీ సరిగా తెలియదు. మెటోప్రొలాల్ లాంటి గుండె వేగం తగ్గించే మందులు వాడేవారికి నాడి కూడా పరుగెత్తదు. అలాంటప్పుడు ఊపిరి చూడాలి. మన వార్డుల్లో ఏ షీటు తిరగేసినా అందరూ నిమిషానికి సరిగ్గా 20 సార్లే ఊపిరి తీస్తారు, చిత్రం! నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, చూపు ఛాతీ మీద నిలిపి, నిండా ఒక నిమిషం లెక్కపెట్టు. 22 కు చేరితే వదలకు. వెంటనే మూత్రం కొలువు. అరవై కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకూడదు. పొట్ట నిన్నటికన్నా ఉబ్బిందా, మాటలో తడబాటు ఉందా చూడు.

డ్రెయిన్ సంగతి. పచ్చగా పైత్యం దిగినా, మలం వాసన వచ్చినా అది చెప్పేది నమ్ము. ఏమీ దిగకపోతే మాత్రం ఏమీ చెప్పనట్టే లెక్క. గొట్టం ఎక్కడైనా మడతపడిందేమో చూడు. ఇంటివాళ్ళు పక్క సర్దుతూ బ్యాగును ఎత్తి మంచం మీద పెట్టేస్తారు, కిందకు దించి కట్టు.

రాత్రి రెండింటికి డ్యూటీ డాక్టరును లేపాలంటే భయం వేస్తుంది, నాకు తెలియనిది కాదు. "రోగి బాగా లేడు సార్" అంటే "పొద్దున చూద్దాం" అంటారు. "ఐదో రోజు, పేగు అతుకు, నాడి 118, ఊపిరి 26, రెండు గంటల్లో మూత్రం 25, పొట్ట బిగిసింది" అని చెప్పు. అంత విన్న డాక్టరు మళ్ళీ నిద్రపోవడం కష్టం. అయినా రాకపోతే పై డాక్టరుకు చెయ్యి, ఫోను చేసిన సమయం షీటులో రాయి. తిట్టు పడుతుందేమో, పడనీ.

సెప్సిస్‌తో, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతిని, బీపీ పడిపోయి షాకులోకి వెళ్ళినవారికి యాంటీబయాటిక్ మొదటి డోసు గంటలోపు పడాలి. ఏ క్రిమో తేల్చే కల్చరు పరీక్షకు రక్తం ముందే తీయాలి, కానీ దానికోసం డోసు ఆపకూడదు. చీటీ ఇచ్చి ఇంటివాళ్ళను బయట మందుల షాపుకు పంపితే ఆ గంట కాస్తా వరుసలోనే గడిచిపోతుంది. మొదటి డోసు వార్డు స్టాకులోంచి ఇచ్చెయ్యి, లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. అలాగని మందు మీదే భారం వేయకూడదు. పేగుకు చిల్లు ఉండగా ఎంత ఖరీదైన మందు పోసినా చిల్లుకుండలో నీళ్ళే. చీము బయటికి తీయాలి, చిల్లు మూయాలి. అది సరిగా జరిగాక మందు ఎన్నాళ్ళో సాగదీయనక్కరలేదు కూడా. అమెరికా, కెనడాల్లో 518 మంది మీద చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగు రోజులు ఇచ్చినవారికీ ఎనిమిది రోజులు ఇచ్చినవారికీ ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పొట్ట శుభ్రపడి రోగి తేరుకున్నాక, పదో రోజున కూడా మెరోపెనెం లాంటి పెద్ద యాంటీబయాటిక్ రాసి ఉంటే "ఎప్పటిదాకా సార్?" అని మెల్లగా అడుగు. ఆ మందుకు లొంగని క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా వార్డులో కాపురం పెడితే ఎలా ఉంటుందో నేను చూశాను. ఒకే గ్లౌజులతో మూడు మంచాలు తిరిగినవాళ్ళే దాన్ని ఇంటింటికీ పంచారు.

ఒక్కోసారి పొట్ట మూయకుండా ప్లాస్టిక్ సంచి కుట్టి పంపుతారు. 1984లో కొలంబియా రాజధాని బొగోటాలో మొదలైంది కాబట్టి దాన్ని బొగోటా బ్యాగు అంటారు. రెండు రోజుల్లోపు మళ్ళీ తెరిచి కడగడానికి అదొక తాత్కాలిక తలుపు. దానిలోంచి పేగులు కనబడతాయి. ఇంటివాళ్ళను మంచం దగ్గరకు తీసుకెళ్ళే ముందే బయట కూర్చోబెట్టి చెప్పు, లేకపోతే అక్కడే కూలబడిపోతారు. ఇది పొరపాటు కాదు, కావాలనే ఇలా ఉంచారని రెండుసార్లు చెప్పు. మొదటిసారి వాళ్ళకు వినబడదు.

"నిన్నటిలా లేడు" అని ఎవరైనా నీ బల్ల దగ్గరకు వస్తే, కూర్చుని సమాధానం చెప్పకు. లేచి వెళ్ళు.

మీ అమ్మతో నా పాత గడియారం పంపిస్తున్నాను. సెకన్ల ముల్లు బాగా తిరుగుతోంది, బ్యాటరీ కొత్తది వేయించాను. పట్టీ తీయించేశాను, చేతికి కట్టుకోకు. పిన్నుతో జేబుకు తగిలించుకో.

పెద్దమ్మ