చెప్పుల కోసం కిందికి దిగిన మొగుడు

ఒకరికొకరు ఏమాత్రం పొసగని కొత్త దంపతుల మీద వచ్చిన పాత హాస్య చిత్రాలలో, పెళ్ళైన కొత్తలో చూడదగినది ఏదని ఒకరు నన్ను అడిగారు. నా సమాధానం 1967లో వచ్చిన ఇంగ్లిష్ చిత్రం 'బేర్‌ఫుట్ ఇన్ ది పార్క్', అంటే 'పార్కులో ఉత్త కాళ్ళతో'. అయితే పెళ్ళైన వెంటనే చూడకండి. అద్దె ఇంట్లో ఒక ఎండాకాలం గడిచిన తరువాత చూడండి.

నీల్ సైమన్ రాసిన నాటకం ఈ చిత్రానికి ఆధారం. 1963లో న్యూయార్క్ నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేలో భర్త పాత్ర వేసిన రాబర్ట్ రెడ్‌ఫోర్డే తెర మీద కూడా ఆ పాత్ర వేశాడు. పాల్ అనే ఆ భర్త అప్పుడే వృత్తిలోకి వచ్చిన వకీలు, ప్రతి పనినీ ఆచితూచి చేసే మనిషి. జేన్ ఫోండా వేసిన కోరీకి మాత్రం తోచిన పని తోచిన క్షణంలో జరిగిపోవాలి. పెద్ద హోటల్లో ఆరు రోజులు గడిపి, వీళ్ళిద్దరూ లిఫ్టు లేని ఐదో అంతస్తు వాటాలో కాపురం పెడతారు. పైకప్పు అద్దానికి చిల్లు ఉంటుంది, అందులోంచి మంచు లోపలికి రాలుతుంది. పైకి వచ్చిన వాళ్ళెవరికీ, టెలిఫోను పెట్టడానికి వచ్చిన వాడితో సహా, ఊపిరి ఆడదు. సామాను తెచ్చిన ఒకాయన ఒక్క మాట కూడా మాట్లాడలేక, కేవలం రొప్పుతూనే మనల్ని నవ్విస్తాడు. నా దృష్టిలో ఈ చిత్రంలో అసలు ప్రతినాయకుడు ఆ మెట్లే. జాతకాలలో 36 గుణాలకు ఎన్ని కలిశాయో వేళ్ళ మీద లెక్కపెట్టే మన పెద్దలు, పిల్లలు కాపురం పెట్టబోయే ఇంటికి ఎన్ని మెట్లున్నాయో, నీళ్ళు ఏ పూట వస్తాయో ఎన్నడూ విచారించరు.

మేము కడపలో కాపురం పెట్టిన మొదటి ఇల్లు మూడో అంతస్తులో ఉండేది. మెట్లు, వరండా, మిద్దె అన్నీ నల్లటి కడప బండలే. చెప్పులు కింద గేటు దగ్గరే విడిచి పైకి రావాలన్నది ఇంటి యజమాని శాసనం. అద్దె మాత్రం చెప్పులతో వచ్చి వసూలు చేసుకునేవాడు. మే నెలలో ఒకరోజు మా ఆవిడ మిద్దె మీద తెల్ల పంచె పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టింది. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఉన్నట్టుండి సుడిగాలి లేచింది, పంచె ఒక మూల పైకి లేవడం ఇద్దరమూ చూశాము. ఆమె ఉత్త కాళ్ళతో మిద్దె మీదికి పరుగెత్తింది. నేను బండ వేడిని తలచుకొని, చెప్పులు తెచ్చుకోవడానికి మూడంతస్తులూ దిగాను. తిరిగి పైకి వచ్చేసరికి సగం వడియాలు పక్కింటి రేకుల మీద ఉన్నాయి, ఆమె పంచె చుట్టగా పట్టుకొని నీళ్ళ ట్యాంకు నీడలో ఒక కాలు మార్చి ఒక కాలు పైకెత్తుతూ నిలబడి ఉంది. అరికాళ్ళు రెండూ బొబ్బలెక్కాయి. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం వడ్డిస్తూ, "ఇల్లు కాలిపోతున్నా మీరు చెప్పుల కోసమే పోతిరేమో" అంది.

కొన్నేళ్ళ తరువాత ఈ చిత్రాన్ని ఇద్దరమూ కలిసి చూశాము. ఉత్త కాళ్ళతో పార్కులో నడుద్దామంటే రాలేదని కోరీ నిలదీసినప్పుడు, ఆ రోజు చలి పదిహేడు డిగ్రీలని పాల్ జవాబిస్తాడు. అది ఫారెన్‌హీట్ లెక్క. మన లెక్కలో సున్నాకు సుమారు ఎనిమిది డిగ్రీలు కింద. మా ఆవిడ అక్కడే చిత్రాన్ని ఆపించి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. అతడు చెప్పింది అక్షరాలా నిజమే, నేను బండ వేడి గురించి అనుకున్నదీ నిజమే. అయినా అలిగిన భార్య ముందు డిగ్రీల లెక్క చెప్పే మగవాడు ఏ దేశంలోనైనా ఓడిపోతాడు.

బిగుసుకుపోయిన భర్త చివరికి మారి, తాగి, ఉత్త కాళ్ళతో తిరగడమే ఈ కథ అని చాలామంది రాస్తారు. వాళ్ళు ఆఖరి ఘట్టాన్ని సరిగా చూడలేదు. అతడు అలా తిరగడం చూసి కంగారుపడి, తనకు మునుపటి పాల్ మాత్రమే కావాలని బతిమాలేది కోరీయే. మిద్దె అంచున బిక్కచచ్చిపోయిన అతని కోసం పైకి ఎక్కేదీ ఆమే. ఇందులో నాకు నచ్చనిది ఒక్కటే: భర్త కోసం నువ్వే కాస్త తగ్గమని కోరీకి ఆమె తల్లి చేసే హితబోధ. అదే మాట పాల్‌కు చెప్పే పెద్దమనిషి ఒక్కడూ ఆ కథలో లేడు. మా వైపు పెళ్ళిళ్ళలోనూ నాకు కనిపించలేదు.

ఇప్పుడు మేము కింది వాటాలో ఉంటున్నాము. వడియాల రోజున నేను రెండు జతల చెప్పులు పట్టుకొని మిద్దె ఎక్కుతాను. ఆమె ఆ నాలుగు చెప్పులనూ పంచె నాలుగు మూలలా బరువుగా పెట్టి, ఉత్త కాళ్ళతో కిందికి దిగిపోతుంది.