గట్టు మీద రాని నొప్పి కొండ దిగుతుంటే ఎందుకొచ్చింది?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. అమలాపురం దగ్గర పల్లెటూరు, రొయ్యల మేత వ్యాపారం. మూడేళ్లుగా తెల్లవారుజామున కాలవగట్టు మీద తారు రోడ్డులో 8 నుంచి 10 కిలోమీటర్లు పరుగెడుతున్నాను. ఎదురొచ్చే బళ్లు కనబడాలని ఎప్పుడూ కుడి పక్కనే ఉంటాను. 21 కిలోమీటర్ల పోటీలు రెండు ఏ ఇబ్బందీ లేకుండా పూర్తి చేశాను. రెండు నెలల క్రితం స్నేహితులతో మారేడుమిల్లి వైపు కొండదారుల్లో 15 కిలోమీటర్లు పరుగెత్తాను. ఎక్కేటప్పుడు ఆయాసం తప్ప ఏమీ లేదు. దిగడం మొదలుపెట్టిన కాసేపటికి కుడి మోకాలి బయటి వైపు సూదితో పొడిచినట్టు నొప్పి వచ్చింది. ఇప్పుడు గట్టు మీద కూడా నాలుగో కిలోమీటరు దాటితే అదే నొప్పి. ఎక్స్‌రే బాగానే ఉంది. ఒక డాక్టరుగారు మాత్రం గుజ్జు అరిగిపోతుంది, పరుగు మానెయ్యమన్నారు. పది వారాల్లో 25 కిలోమీటర్ల కొండ పరుగు పోటీ ఉంది, ఫీజు కట్టేశాను. మా వైపు కొండలే లేవు, ఎలా సిద్ధమవ్వాలి? ఆ రోజు నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తవచ్చా?
– పేరు రాయవద్దన్న పాఠకుడు

జవాబు: ముందు మీ భయం తీరుస్తాను. మీరు చెప్పిన లక్షణాలు గుజ్జు అరుగుదలవి కావు. అరుగుదలలో నొప్పి ఇలా నాలుగు కిలోమీటర్లు ఆగి, సరిగ్గా ఒకే చోట, సూదిపోటులా మొదలవదు. పరుగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయన్న మాట మన ఇళ్లలో బాగా పాతుకుపోయింది. 2017లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన సమీక్షలో, ఆరోగ్యం కోసమో సరదాకో పరుగెత్తేవాళ్లలో 3.5 శాతం మందికి మోకాలి, తుంటి కీళ్ల అరుగుదల కనిపించింది. పరుగెత్తని వాళ్లలో అది 10.2 శాతం. పోటీలే జీవితంగా పరుగెత్తేవాళ్లలో మాత్రం 13.3 శాతం. పరుగే కీళ్లను కాపాడిందని దీన్నిబట్టి గట్టిగా చెప్పలేం, బరువు తక్కువున్న వాళ్లే ఎక్కువగా పరుగులోకి వస్తారు కదా. కానీ ఎక్స్‌రే బాగున్న మీలాంటి మనిషిని శాశ్వతంగా మానెయ్యమనడం నాకు సమ్మతం కాదు.

మీకున్నది చాలావరకు ఐటీ బ్యాండ్ నొప్పి. తుంటి పక్కన మొదలై, తొడ బయటి వైపుగా కిందికి దిగి, మోకాలి కిందున్న ఎముకకు అతుక్కునే మందపాటి పట్టీ ఇది. మోకాలు సుమారు 30 డిగ్రీలు వంగినప్పుడు ఈ పట్టీ పక్కనున్న ఎముక బుడిపె మీద గట్టిగా నొక్కుకుంటుంది. దాని కిందున్న మెత్తటి కణజాలం వాచి నొప్పి పుడుతుంది. కొండ దిగేటప్పుడు మోకాలు ఆ వంపు దగ్గరే బరువు మోస్తూ ఉండిపోతుంది. జారిపోతామేమోనని భయపడి, బ్రేకులు వేసుకుంటూ మెల్లగా దిగేవాళ్లకు ఇంకా ఎక్కువ.

ఇంట్లోనే ఒకసారి చూసుకోండి. మంచం మీద వెల్లకిలా పడుకుని కుడి మోకాలు పూర్తిగా మడవండి. మోకాలి బయటి వైపు, కీలు సందుకు రెండు వేళ్ల పైన గట్టి బుడిపె తగులుతుంది. దాన్ని ఇంట్లోవాళ్ల చేత బొటనవేలితో నొక్కిపట్టించి, కాలు మెల్లగా చాపుతూ రండి. ఇంకాస్తలో కాలు తిన్నగా అవుతుందనగా మీకు అలవాటైన ఆ పోటు ఠక్కున వస్తే దాదాపు ఇదే. అలా కాకుండా మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినా, నిలబడితే తూలిపోతున్నట్టున్నా, రాత్రి నిద్రలో నొప్పి లేపుతున్నా ఇక్కడ రాసిందంతా పక్కనబెట్టి ఎముకల డాక్టరుకు చూపించుకోండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట మరొకటి ఉంది: ఎప్పుడూ కుడి పక్కనే. తారు రోడ్డు నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంటుంది. వెళ్లేటప్పుడు కుడి పక్కన, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ మీ కుడి పక్కన పరుగెడితే రెండుసార్లూ కుడి కాలే పల్లంలో పడుతుంది. మూడేళ్లుగా, రోజుకు వేల అడుగులు. ఆ పట్టీని కొండ ఒక్క రోజులో పాడుచేయలేదు, గట్టు దాన్ని ముందే అలిసిపోయేలా చేసి ఉంచింది. బళ్లు కనబడాలన్న మీ జాగ్రత్త సరైనదే, అది వదలకండి. బళ్లు తిరగని మట్టిగట్టు ఏదైనా చూసుకుని, నడుమ సమంగా ఉన్న చోట పరుగెత్తండి.

అసలు మన డెల్టా నేల సంగతి మీకు తెలిసిందే. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక, మోటారు అక్కర్లేకుండా కాలవ నీరు తనంతట తాను సముద్రం వైపు పారేంత సన్నటి వాలు మనది. ఇక్కడ పరుగెత్తి గుండె, ఊపిరితిత్తులు బలపడతాయి, అందుకే మీరు కొండ ఎక్కగలిగారు. దిగడానికి కావలసింది వేరు. దిగేటప్పుడు తొడ ముందున్న కండరం సాగుతూనే బిగబట్టి శరీరాన్ని ఆపాలి. బరువైన బిందెను ధబాలున వదిలేయకుండా మెల్లగా కిందకు దించినట్టు. సమతలం మీద ఆ పని చాలా తక్కువ. అలవాటులేని దిగుడు తర్వాత రెండో రోజో మూడో రోజో తొడలు పట్టేసి, బాత్రూమ్‌లో కూర్చోలేక అవస్థపడతారే, అది ఇందుకే. సంతోషించవలసిన విషయం ఏమిటంటే, ఒక్కసారి కొంచెం దిగినా కండరం నేర్చుకుంటుంది, ఆ రక్షణ కొన్ని వారాలు నిలుస్తుంది. కాబట్టి రోజూ కొండ అక్కర్లేదు.

ఇప్పుడు మొదటి రెండు వారాలు పరుగు ఆపండి. నడవండి, నొప్పి లేకపోతే సైకిలు తొక్కండి. గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టుకోవచ్చు. తొడ పక్కన రోలరుతో (కండరం మీద దొర్లించే గట్టి స్పాంజి గొట్టం) రుద్దుకుంటే హాయిగా ఉంటుంది కానీ పట్టీ సాగదు, దానిమీద ఆశలు పెట్టుకోవద్దు. మందు అసలు తుంటి పక్క కండరంలో ఉంది. ఎడమ పక్కకు తిరిగి పడుకుని, కుడికాలు తిన్నగా ఉంచి, మడమ కొద్దిగా వెనక్కి పెట్టి పైకెత్తి దించండి. రెండోది మీ అరుగు మెట్టు మీద: కుడికాలి మీద నిలబడి, మూడు అంకెలు లెక్కపెడుతూ ఎడమ మడమ నేలకు తాకేదాకా దిగి, మళ్లీ లేవండి. ఎదురుగా అద్దం పెట్టుకోండి. దిగేటప్పుడు కుడి మోకాలు లోపలికి ఒరుగుతుంటే, ఎడమ నడుము జారిపోతుంటే, మీ పట్టీ ఎందుకు మొరాయిస్తుందో అద్దమే చూపిస్తుంది. మోకాలు పాదం రెండో వేలి మీదుగా నిలబడేలా చేయండి. ఒక్కొక్కటి పదిహేనేసి సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు, రెండు కాళ్లకూ. ఈ రెండూ పోటీ అయ్యేదాకా ఆపొద్దు.

మూడో వారంలో రోజు విడిచి రోజు రెండేసి కిలోమీటర్లతో మొదలుపెట్టండి. నొప్పి వచ్చేదాకా పరుగెత్తి ఆగడం కాదు, రాకముందే ఆగాలి. అంగలు చిన్నవి చేసి, నిమిషానికి వేసే అడుగులు ఐదు నుంచి పది శాతం పెంచండి. మోకాలి మీద భారం తగ్గుతుంది.

ఐదో వారానికి ఐదారు కిలోమీటర్లు హాయిగా సాగితే అప్పుడు దిగుడు. కొండల్లేవన్నారు, ఏటిగట్టు ఉంది కదా! వరదను ఆపడానికి కట్టిన గట్టు. రేవులోకి దిగే ర్యాంపు ఎక్కి నడుచుకుంటూ వెళ్లి, చిన్న అంగలతో పరుగున దిగండి. మొదటి రోజు నాలుగు సార్లు చాలు. పది రోజులకోసారి పెంచుతూ పోండి. ఇసుక లారీలు తిరిగే ర్యాంపు వద్దు, చీకట్లో తలకు లైటు లేకుండా వద్దు, గట్టు గడ్డిలో పాములుంటాయని మీకు నేను చెప్పనక్కర్లేదు. చించినాడ, ఎదుర్లంక లాంటి వంతెనల మీద వాలు దొరుకుతుంది గాని బళ్ల మధ్య మీ ప్రాణం పెట్టొద్దు. ఏడో వారంలో ఒక ఆదివారం కోరుకొండ నరసింహస్వామి మెట్లో, అన్నవరం కొండ మెట్లో ఎక్కి నడుస్తూ దిగి రండి. పోటీకి ముందు పది రోజులు గట్టి దిగుళ్లు ఏవీ వద్దు.

ఏడో వారం చివర మీకు మీరే పరీక్ష పెట్టుకోండి. 12 కిలోమీటర్లు, అందులో ర్యాంపు దిగుళ్లు పది, నొప్పి లేకుండా అయితే పోటీకి వెళ్లండి, ఎక్కుళ్లు నడవండి, దిగుళ్లు బ్రేకులు వేయకుండా చిన్న అంగలతో కానివ్వండి. కాకపోతే తక్కువ దూరం విభాగానికి మార్చమని నిర్వాహకులను అడగండి. అదీ కుదరకపోతే ఫీజు పోతే పోనివ్వండి. వచ్చే ఏడాది కూడా పోటీ ఉంటుంది, ఇప్పుడు పట్టుదలకు పోతే ఆరు నెలలు గట్టే ఎక్కలేరు.

నొప్పి మాత్ర సంగతి. వద్దండి, దయచేసి వద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. గంటల తరబడి చెమటోడ్చిన ఒంట్లో ఎలాగూ రక్తప్రసరణ కిడ్నీకి తక్కువే ఉంటుంది. పైగా కొండ దిగినప్పుడు కండరాలు చిట్లి, వాటి పదార్థం రక్తంలో చేరి కిడ్నీని ఇబ్బంది పెట్టవచ్చు. ఈ మూడూ కలిస్తే 41 ఏళ్ల ఆరోగ్యవంతుడు కూడా ఆస్పత్రిలో చేరతాడు. పరుగు తర్వాత మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లండి.

దాహాన్ని బట్టి తాగండి. లీటర్ల కొద్దీ ఉత్త నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి తల తిరగడం, వాంతులు, మగత వస్తాయి. కోనసీమ వాళ్లం కాబట్టి కొబ్బరినీళ్లే చాలనుకుంటాం. వాటిలో పొటాషియం బాగా ఉంటుంది, చెమటలో ఎక్కువగా పోయే సోడియం తక్కువ. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలిపి వెంట ఉంచుకోండి.

పోటీకి ముందు బీపీ, షుగరు, ఈసీజీ చూపించుకోండి, ఇంట్లో గుండెజబ్బు ఎవరికైనా ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి. ఎక్కేటప్పుడు ఛాతీ బరువెక్కితే అక్కడే కూర్చోవాలి, స్నేహితులు ఏమనుకుంటారోనని చూడొద్దు. మన్యంలో మలేరియా ఉంది కనుక రాత్రి బస చేస్తే దోమతెర వాడండి. తిరిగొచ్చాక నెలరోజుల్లో చలిజ్వరం వస్తే ఏజెన్సీకి వెళ్లొచ్చానని డాక్టరుకు మీరే ముందు చెప్పాలి.

ఏడో వారం పరీక్ష ఎలా జరిగిందో, అద్దంలో మోకాలు ఎటు ఒరిగిందో నాకు తప్పకుండా రాయండి.