బాబుకు చదవడం రావట్లేదు.. జ్ఞాపకశక్తి సిరప్ ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు, రెండో తరగతి. అక్షరాలు విడివిడిగా గుర్తుపడతాడు గానీ పదం చదవమంటే మొదటి అక్షరం చూసి ఏదో ఒకటి ఊహించి చెప్పేస్తాడు. కొన్ని అక్షరాలు తిరగేసి రాస్తాడు. విన్న కథ మాత్రం పొల్లుపోకుండా మళ్లీ చెబుతాడు. తరచూ జలుబు చేస్తుంది, టీవీ సౌండ్ పెంచమంటాడు. వాళ్ల నాన్నకూ చిన్నప్పుడు చదవడం ఆలస్యంగానే వచ్చిందట. పాపకు ఇరవై నెలలు. 'అమ్మ', 'తాత' అనేది, రెండు నెలలుగా 'తాత' అనడం లేదు. అన్నయ్యకూ మాటలు ఆలస్యమే కదా అని కంగారు పడలేదు. బాబుకు జ్ఞాపకశక్తి పెరగడానికి ఏ సిరప్, రోజుకు ఎన్ని చెంచాలు ఇవ్వాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: సిరప్ సంగతి తర్వాత చూద్దాం. ముందు పాప గురించి మాట్లాడాలి.

వచ్చిన మాట పోయిందని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆందోళన పెట్టింది అదే. మాటలు ఆలస్యం కావడం ఒక ఎత్తు, వచ్చినవి తగ్గిపోవడం మరో ఎత్తు. ఏ వయసులోనైనా సరే, మాటలు తగ్గితే ఆగకూడదు. చివరికి ఇది ఏమీ కాకపోవచ్చు కూడా. కానీ ఆ మాట పాపను పరీక్షించిన డాక్టరు చెప్పాలి, అన్నయ్యతో పోల్చి మీరు అనుకుంటే సరిపోదు. సాధారణంగా ఏడాదికల్లా 'బాబాబా, దాదాదా' లాంటి శబ్దాలు, చేయి ఊపడం, వేలితో చూపించడం ఉండాలి. పదహారు నెలలకు ఒక్క మాటైనా, రెండేళ్లకు 'నాన్న రా' లాగా రెండు మాటలు కలిపి సొంతంగా అనడం రావాలి. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతుందా, కావలసింది వేలితో చూపిస్తుందా, కళ్లలోకి చూస్తుందా, ఉన్నట్టుండి కొన్ని సెకన్లు శూన్యంగా చూస్తూ ఉండిపోతుందా? ఈ నాలుగూ గమనించి ఈ వారమే పిల్లల డాక్టరుకు చెప్పండి.

మొదట చేయించాల్సింది వినికిడి పరీక్ష. ఈ వయసులో చెవిలోకి చిన్న శబ్దం పంపి లోపలి చెవి స్పందన చూసే ఓఏఈ, అవసరమైతే శబ్దానికి వినికిడి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో చూసే బెరా చేస్తారు. బెరా పాప నిద్రలో ఉండగా చేస్తారు, నొప్పి ఉండదు. వెనక నుంచి చప్పట్లు కొడితే తిరిగింది కాబట్టి చెవులు బాగున్నాయనుకోవద్దు. చప్పట్లు పెద్ద శబ్దం, మాటలోని హల్లులు చాలా సన్ననివి. పుట్టినప్పుడు చేసిన పరీక్షలో బాగానే ఉన్నా తర్వాత వినికిడి తగ్గే అవకాశం ఉంది. ఎదుగుదలను అంచనా వేసి, ఆటిజం స్క్రీనింగ్, ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష) అవసరమా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. రిపోర్టులన్నీ వచ్చేదాకా స్పీచ్ థెరపీ (మాటలు నేర్పే శిక్షణ) మొదలుపెట్టకుండా ఆగాల్సిన పని లేదు.

ఎందుకింత తొందర అంటారేమో. ఆరు నెలల బిడ్డ ప్రపంచంలోని దాదాపు ఏ భాష శబ్దాలనైనా వేరు చేసి వినగలదు. ఏడాది నిండేసరికి మెదడు తాను రోజూ వినే భాష శబ్దాల మీదే పదును తేలుతుంది. ఆ వినికిడి మీదే మాటలు, మాటల మీద చదువు నిలుస్తాయి. 'మూడేళ్లకు అదే వస్తుందిలే' అని ఆగితే ఆ మొదటి పునాది కాలం చేజారుతుంది. ఈ విషయంలో నేను కాస్త గట్టిగానే చెబుతాను.

ఇక బాబు. తరచూ జలుబు, టీవీ సౌండ్ అన్నారు కదా, కర్ణభేరి వెనక ద్రవం చేరి ఉండొచ్చు. దానివల్ల వినికిడి సాధారణంగా 20 నుంచి 40 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. పిలిస్తే పలుకుతాడు, కాబట్టి ఇంట్లో తెలియదు. తరగతి గది గోలలో మాత్రం స, త, ప లాంటి శబ్దాలు జారిపోతాయి. ఎంత చిన్న శబ్దం వినగలడో చూసే ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ, కర్ణభేరి సరిగా కదులుతోందో లేదో చూసే టింపనోమెట్రీ చేయించండి. చాలామందిలో ద్రవం మూడు నెలల్లో దానంతటదే పోతుంది. అప్పటికీ ఉంటే ఏం చేయాలో ఈఎన్టీ నిపుణులు చెబుతారు. ఇంట్లో మిగిలిన చెవి చుక్కలు దయచేసి వేయకండి. కర్ణభేరికి రంధ్రం ఉంటే కొన్ని మందులు లోపలి చెవిని దెబ్బతీస్తాయి. కంటి పరీక్ష కూడా ఒకసారి చేయించండి.

చెవులు, కళ్లు బాగుంటే డిస్లెక్సియా (తెలివితేటలు బాగున్నా చదవడం కష్టమయ్యే ఇబ్బంది) ఉందేమో చూడాలి. తండ్రికీ అలాగే ఉంది, బాబుకూ మాటలు ఆలస్యం, పైగా ఊహించి చదువుతున్నాడు. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ అనుమానించడానికి ఇవి చాలు. చదవడానికంటూ మెదడులో పుట్టుకతో ప్రత్యేక భాగం ఉండదు. వస్తువులను, ముఖాలను గుర్తుపట్టే ప్రాంతంలో కొంత భాగం, ఎడమవైపు వెనక అడుగున, అక్షరాలకు అలవాటుపడి శబ్దాల ప్రాంతంతో ముడిపడాలి. మాటను శబ్దాలుగా విడగొట్టడం రాకపోతే ఆ ముడి సరిగా పడదు. అక్షరాలు తిరగేసి రాయడం ఏడేళ్ల వరకూ మామూలే, దాన్నొక్కదాన్నే పట్టుకుని డిస్లెక్సియా అనకూడదు.

ఇంట్లో రోజుకు పది పదిహేను నిమిషాలు చాలు. మొదట పుస్తకం లేకుండా చెవితోనే: 'పలక'లో 'ప' తీసి 'చి' పెడితే ఏమవుతుంది? 'చిలక' అని తనే చెప్పాలి. అది వచ్చాక అయిదారు అక్షరాల కార్డులు కలిపేసి అడగండి. గుణింతం వరసలో అప్పజెప్పించకండి, చూడకుండానే చెప్పేస్తాడు. ఊహించి చదివితే వెంటనే పదం అందించొద్దు, ప్రతి అక్షరం కింద వేలు పెట్టి కలుపుకుంటూ వెళ్లమనండి. అదే చిన్న పేరాను మూడుసార్లు చదివించండి. ఒత్తులు కొంత ఆగి మొదలుపెట్టొచ్చు. కథలు మీరు చదివి వినిపించడం మానొద్దు, పదాలు పెరిగేది అక్కడే. అయితే ఇంటి సాధన చూసుకుని పరీక్ష వాయిదా వేయకండి. క్లినికల్ సైకాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్‌తో ఇప్పుడే అంచనా వేయించండి.

సిరప్ విషయం. కథ పొల్లుపోకుండా చెప్పే పిల్లవాడికి జ్ఞాపకశక్తి లోపమని ఎలా అనుకున్నారమ్మా? చదవడం నేర్పే సిరప్ ఏదీ లేదు, చెంచాల లెక్క నేను చెప్పను. రక్తపరీక్షలో ఐరన్ తక్కువని తేలితే బరువును బట్టి మోతాదు డాక్టరే రాస్తారు. తోచినట్టు విటమిన్లు పోస్తే, ముఖ్యంగా విటమిన్ ఎ ఎక్కువైతే, తలనొప్పి, వాంతులు వస్తాయి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పాప ఇంట్లో ఆడుకుంటున్న రెండు మూడు నిమిషాల వీడియో, పుట్టినప్పటి ఆస్పత్రి కాగితాలు, బాబు నోటుపుస్తకాలు తీసుకెళ్లండి. ఈలోపు పాపకు ఫిట్స్ వచ్చినా, పిలిచినా తాకినా స్పందించకుండా ఉండిపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.
– పిల్లల వైద్య నిపుణులు