చదువు కోసం మొక్కజొన్న వేసిన పిల్ల: ‘నెర్వస్ కండిషన్స్’

ఇంటర్ చదువుతున్న మీ అన్నయ్య కూతురికి ఇవ్వడానికి, కష్టపడి చదువుకున్న ఆడపిల్ల నవల ఒకటి చెప్పమన్నారు. సినిమాలోలాగా చివర్లో అన్నీ కలిసొచ్చే కథ వద్దని కూడా అన్నారు. అయితే త్సిత్సి దంగారెంబ్గా రాసిన ‘నెర్వస్ కండిషన్స్’ ఇవ్వండి. 1988లో వచ్చింది. కథ జరిగేది 1960ల్లో, అప్పటి రొడీషియాలో, అంటే ఇప్పటి జింబాబ్వేలో.

కథ చెప్పే అమ్మాయి టాంబూ. వాళ్లది పేద రైతు కుటుంబం. అన్న న్హామో ఫీజుకు డబ్బు లేకపోతే తల్లి గుడ్లు ఉడకబెట్టుకుని బస్సులు ఆగే చోటికి వెళ్లి అమ్ముతుంది. టాంబూ ఫీజు దగ్గరికొచ్చేసరికి ఇంట్లో ఎవరికీ ఆ ఓపిక ఉండదు. పుస్తకాలు వండి మొగుడికి పెడతావా అన్నట్టు మాట్లాడతాడు తండ్రి. దాంతో ఆ పిల్ల విత్తనాలు అడిగి తీసుకుని, ఒకప్పుడు నానమ్మ సాగుచేసిన చెక్కలో మొక్కజొన్న వేస్తుంది. తీరా కంకులు వచ్చేసరికి మాయమవుతుంటాయి. ఎత్తుకెళ్లేది సొంత అన్నే, స్నేహితులకు పంచిపెట్టడానికి! టాంబూ వాడి మీద పడి కొడుతుంది. చివరికి మాటింబా మాస్టారు మిగిలిన కంకులతో ఆమెను ఉమ్తాలి పట్నం తీసుకెళతాడు. పసిపిల్లతో పని చేయిస్తావా అని ఒక తెల్లావిడ మాస్టారి మీద అరిచి, సంగతి విన్నాక పది పౌన్లు ఇస్తుంది. ఆ డబ్బు హెడ్మాస్టరు దగ్గర ఫీజు కింద జమ అవుతుంది, రసీదుతో సహా. తర్వాత తండ్రి బడికి వెళ్లి, కూతురి డబ్బు నాది కాదా అని గొడవపడతాడు.

ఈ ఘట్టం కోసమే నేను ఈ నవల అందరికీ చెబుతుంటాను. మాది పల్నాడులో మిరప పండే ఊరు. కోతల కాలం వచ్చిందంటే మా బళ్లో ఆడపిల్లల బెంచీలు సగం ఖాళీ. పదో తరగతి పరీక్షలు అవగానే చివరి కోతలకు నేనూ రోజూ వెళ్లాను. కాయలు తుంచుతూ ఉంటే మధ్యాహ్నానికి గోళ్ల సందుల్లో మంట మొదలయ్యేది. అదే చేత్తో పొరపాటున చెమట తుడుచుకుంటే ఇక కళ్లు తెరవలేం. రాత్రి చేతులకు మజ్జిగ రాసుకుని పడుకునేదాన్ని. కాలేజీలో చేరడానికని నేను నోటుబుక్కు వెనక లెక్క రాసుకున్న ఆ కూలి డబ్బు, మేస్త్రి మాత్రం నాన్న చేతిలోనే పెట్టేవాడు. నాన్న చెడ్డవాడేం కాదు. తమ్ముడి ఇంగ్లిష్ మీడియం స్కూల్లో టర్మ్ ఫీజు గడువు ముందుగా వచ్చింది, అటు వెళ్లిపోయింది. నా కాలేజీ ఫీజు మా మేనత్త కట్టింది.

ఆడపిల్లకు చదువెందుకు అని మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ఉన్న డబ్బు ఎవరి ఫీజుకు ముందు వెళుతుందో చూస్తే సరిపోయేది. దంగారెంబ్గా ఆ సంగతిని ఉపన్యాసాలు ఇవ్వకుండా గుడ్లు, కంకులు, రసీదుల్లో చూపిస్తుంది. నేను చదివిన వాటిలో ఇంత సూటిగా ఇంటి లెక్క విప్పిన నవల మరొకటి లేదు.

1968లో అన్న చనిపోతాడు. అతని స్థానంలో టాంబూ, పెదనాన్న బాబాముకూరు హెడ్మాస్టరుగా ఉన్న మిషన్ స్కూలుకు వెళుతుంది. అన్న పోయినందుకు తనకు బాధ కలగలేదని టాంబూ మొదట్లోనే చెప్పేస్తుంది. ఆ మాటకు చాలామంది ఉలిక్కిపడతారు, నాకు మాత్రం అందులో నిజాయితీ కనిపించింది.

ఇక మిషన్‌లో పెద్దమ్మ మైగురు ఉంది. ఆమెకు మాస్టర్స్ డిగ్రీ ఉంది, పాఠాలు చెబుతుంది, జీతం తెస్తుంది. ఆ జీతం ఎలా ఖర్చు పెట్టాలన్నది మాత్రం ఆమె చేతిలో లేదు. ఆవిడ అంత చదివిందన్న సంగతే టాంబూకు అడిగితే గానీ తెలియదు. మీ అమ్మాయితో మాట్లాడాల్సింది ఈ పాత్ర గురించే. చదువు, ఉద్యోగం వచ్చాక కూడా ఇంట్లో ఏం మారుతుంది, ఏం మారదు అన్నది ఆ వయసులో ఎవరూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు.

ఒక జాగ్రత్త. మైగురు కూతురు న్యాషా చిన్నప్పుడు ఇంగ్లండ్‌లో పెరిగిన పిల్ల. తండ్రితో పోరాడి పోరాడి తిండి మానేయడం, తిన్నది కక్కేయడం వరకు వెళుతుంది. తండ్రి ఆమెను కొట్టే సన్నివేశం కూడా ఉంది. మీ అమ్మాయికి తిండి విషయంలో గానీ, ఇంట్లో గొడవలతో గానీ ఇప్పటికే టెన్షన్ ఉంటే ముందు మీరు చదివి, ఆ తర్వాత పక్కన ఉండి చదివించండి.

నేను ఇంగ్లిష్‌లోనే చదివాను. వాక్యాలు కొంచెం పొడవు, ఇంటర్ పిల్ల నెమ్మదిగా చదువుకుంటే అందుతుంది. దీని తర్వాత ‘ద బుక్ ఆఫ్ నాట్’ (2006), ‘దిస్ మోర్నబుల్ బాడీ’ (2018) కూడా టాంబూ కథే. మూడోది 2020లో బుకర్ తుది జాబితా దాకా వెళ్లింది. అయితే అవి మనసుకు చాలా బరువుగా ఉంటాయి, డిగ్రీలో చదువుకోవచ్చు. ఇప్పటికి మొదటిది చాలు. పేర్లు కొత్త కాబట్టి ఎవరు ఎవరికి ఏమవుతారో ఒక కాగితం మీద రాసుకోమనండి, మొక్కజొన్న చేను దాకా వస్తే ఇక తనే వదలదు.