ఇంటి పన్ను తక్కువని ఏరియా ఎంచుకుంటారా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మాదాపూర్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికి రూ.90 వేలు వస్తాయి. మా ఆవిడ స్కూల్లో టీచరు, జీతం రూ.28 వేలు. ఒక పాప. కూకట్‌పల్లిలో రూ.22 వేల అద్దెకు ఉంటున్నాం. అద్దె కాక ఇంటి ఖర్చులు, స్కూలు ఫీజు కలిపి నెలకు రూ.48 వేలు అవుతాయి. ఎఫ్‌డీలు, మ్యూచువల్ ఫండ్లు కలిపి రూ.14 లక్షలున్నాయి. మూడు ఫ్లాట్లు చూశాం. కూకట్‌పల్లిలో 12 ఏళ్ల నాటి 1,150 ఎస్‌ఎఫ్‌టీ ఫ్లాటు రూ.72 లక్షలు. అమీన్‌పూర్‌లో కడుతున్న గేటెడ్ కమ్యూనిటీలో 1,400 ఎస్‌ఎఫ్‌టీ, అడుగు రూ.5,300. విజయవాడ గుణదలలో రూ.55 లక్షలకు ఒకటి ఉంది, అది కొనమని నాన్నగారి మాట. అమీన్‌పూర్‌లో ఇంటి పన్ను తక్కువని ఏజెంటు అంటున్నాడు. ధర, ఇంటి పన్ను రెండూ చూసుకుంటే ఏ ఏరియా లాభం? మా 14 లక్షలు సొంత వాటాకు సరిపోతాయి. రిజిస్ట్రేషన్‌కి, ఇంటీరియర్‌కి రూ.8 లక్షల పర్సనల్ లోన్ (14 శాతం, ఐదేళ్లు) తీసుకుందామనుకుంటున్నాం. బ్యాంకు ఇప్పటికే ఓకే చేసింది.

జవాబు: మీ ఉత్తరంలో ఇంటి పన్ను గురించి ప్రశ్న ఉంది. ఉద్యోగం పోతే ఈఎంఐ ఎలా కడతారన్న ప్రశ్న ఒక్కటీ లేదు. ఏనుగును ఇచ్చేసి అంకుశం దగ్గర పోట్లాడినట్టుంది. ఈ మధ్య ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తున్నాయి కాబట్టి మీ లెక్క పూర్తిగా విప్పి చూపిస్తాను.

మీరు అడిగారు కాబట్టి ముందు పన్ను సంగతి. హైదరాబాద్‌లో నివాస గృహాలకు పన్ను వేసేది అద్దె విలువ మీద. మీరు నిజంగా కట్టే అద్దె కాదు, ఆ వీధికి కార్పొరేషన్ ఖరారు చేసి, ఏళ్ల తరబడి సవరించని విలువ అది. కూకట్‌పల్లి ఫ్లాటుకు అడుగుకు నెలకు రూ.1.50 అనుకుందాం. 1,150 అడుగులకు ఏడాదికి రూ.20,700. పాతికేళ్లలోపు భవనం కాబట్టి తరుగుదల 10 శాతం తీసేస్తే రూ.18,630. నెల అద్దె విలువ రూ.300 దాటింది కాబట్టి 30 శాతం రేటు వర్తిస్తుంది, అంటే రూ.5,589. దాని మీద గ్రంథాలయ సెస్సు 8 శాతం. మొత్తం రూ.6,036. ఏప్రిల్‌లో ఏడాది పన్ను ఒకేసారి కడితే 5 శాతం రాయితీ ఉంటుంది, అంటే మూడొందలు మిగులుతాయి. ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ.

అమీన్‌పూర్‌లో పన్ను తక్కువని ఏజెంటు చెప్పింది మున్సిపాలిటీ రోజుల లెక్క. 2025 చివర్లో అమీన్‌పూర్‌తో సహా శివార్లలోని 27 పురపాలికలను జీహెచ్‌ఎంసీలో కలిపేశారు. ఇవాళ కాకపోతే రేపు నగరం లెక్క వస్తుందనుకునే బడ్జెట్ వేసుకోండి. ఔటర్ రింగ్ రోడ్డు అవతల పంచాయతీల్లో పన్ను ఇంకా తక్కువ, నిజమే. అక్కడ వేసవిలో ట్యాంకర్ల బిల్లు ఎంతవుతుందో ఇప్పటికే ఉంటున్నవాళ్లను అడిగి, రెండూ కలిపి చూడండి. నగరంలో నల్లా కనెక్షన్ ఉన్న ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం. ఆ పైపు మీ గేటు దాకా వచ్చిందా లేదా అన్నది రెండు మూడు వేల పన్ను తేడా కంటే పెద్ద విషయం.

విజయవాడది వేరే పద్ధతి. ఏపీ పట్టణాల్లో 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువ బదులు మూలధన విలువ, అంటే స్థలం, కట్టడం విలువ మీద పన్ను వేస్తున్నారు. ఇళ్లకు 0.10 నుంచి 0.50 శాతం మధ్య రేటును స్థానిక సంస్థ నిర్ణయిస్తుంది. పన్ను లెక్కలో ఫ్లాటు విలువ రూ.35 లక్షలు, రేటు 0.15 శాతం అయితే రూ.5,250. నీటి పన్ను వేరు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. రిజిస్ట్రేషన్ విలువలు సవరించినప్పుడల్లా పన్నుకు పునాది కూడా కదులుతుంది. ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదన్న పరిమితి ఉన్నా, ఏటా పెరిగే పన్ను అనుకునే లెక్కేసుకోవాలి. అయితే మీరు మాదాపూర్‌లో పనిచేస్తూ గుణదలలో ఇల్లు కొంటే ఇక్కడ అద్దె తప్పదు, అక్కడ ఈఎంఐ తప్పదు. నాన్నగారికి ఆ సంగతి నెమ్మదిగా చెప్పండి. గుణదల గురించి ఇంతకంటే రాయను.

రెండు ఊళ్లు, రెండు పద్ధతులు, తేడా ఏడాదికి వెయ్యి రూపాయల లోపు. ఇప్పుడు మీ పర్సనల్ లోన్ చూడండి. రూ.8 లక్షలు, 14 శాతం, 60 నెలలు. ఈఎంఐ సుమారు రూ.18,600, వడ్డీ మొత్తం రూ.3.17 లక్షలు. ఆ వడ్డీ డబ్బుతో కూకట్‌పల్లి ఫ్లాటుకు ఇవాళ్టి రేటున 52 ఏళ్లు ఇంటి పన్ను కట్టచ్చు.

ధరల పోలిక దగ్గర కూడా పప్పులో కాలేశారు. అమీన్‌పూర్ అడుగు రూ.5,300, కూకట్‌పల్లి రూ.6,260 అని పక్కపక్కన పెట్టి వెయ్యి తక్కువన్నారు. ఆ 5,300 ఏ అడుగుకు? బిల్డరు అమ్మేది సూపర్ బిల్టప్, అంటే గోడలు, మెట్లు, లిఫ్టు, వరండాల్లో వాటా కూడా కలిపిన అడుగులు. మీరు పంపిన బ్రోషర్‌లోనే కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే నేల) 945 అని చిన్న అక్షరాల్లో ఉంది. కూకట్‌పల్లి ఫ్లాటును మీరే టేపు పెట్టి కొలిస్తే 875 వచ్చిందన్నారు. కాగితం మీద 250 అడుగులున్న తేడా, లోపల నడిచే నేలకు వచ్చేసరికి 70 అడుగులే.

ఇక అసలు ఖర్చు. అమీన్‌పూర్‌లో 1,400 అడుగులకు రూ.74.2 లక్షలు. పార్కింగు, క్లబ్‌హౌస్, ఫ్లోర్ రైజ్ (పై అంతస్తుకు అదనపు ధర) కలిపి బ్రోషర్ ప్రకారం రూ.4.5 లక్షలు. అంటే 78.7. కడుతున్న ఫ్లాటు కాబట్టి జీఎస్టీ 5 శాతం, రూ.3.94 లక్షలు. రిజిస్ట్రేషన్ 7.5 శాతం, రూ.5.90 లక్షలు. కార్పస్ ఫండ్ (అపార్ట్‌మెంటు ఉమ్మడి నిధి) అడుగుకు రూ.70 చొప్పున రూ.98 వేలు. రెండేళ్ల మెయింటెనెన్స్ ముందుగానే, అడుగుకు రూ.3.50 చొప్పున రూ.1.18 లక్షలు. మొత్తం రూ.90.7 లక్షలు. ఇందులో ఇంటీరియర్ లేదు. ఇల్లు చేతికొచ్చేదాకా రెండున్నరేళ్లు కట్టే అద్దె, రూ.6.6 లక్షలు, అదీ లేదు. కూకట్‌పల్లిలో 72 లక్షలకు రిజిస్ట్రేషన్ రూ.5.4 లక్షలు, ఏజెంటుకు ఒక శాతం, రంగులు, ప్లంబింగు, వైరింగుకి రూ.2 లక్షలు. మొత్తం రూ.80.1 లక్షలు. పాత ఫ్లాటుకు జీఎస్టీ ఉండదు. ఈ మొత్తాలను కార్పెట్ ఏరియాతో భాగిస్తే కూకట్‌పల్లి అడుగు రూ.9,160, అమీన్‌పూర్ రూ.9,600. చవక అనుకున్నదే ఖరీదైంది.

మెయింటెనెన్స్‌నూ ఇంటి పన్నులాగే చూడాలి, ఎందుకంటే అది ఎప్పటికీ ఆగని ఖర్చు. అమీన్‌పూర్‌లో నెలకు రూ.4,900, ఏడాదికి రూ.58,800. మీరు అంతగా మథనపడుతున్న ఇంటి పన్నుకు దాదాపు పది రెట్లు.

సొంత వాటాకు 14 లక్షలు సరిపోతాయన్న మాట ఎలా తప్పో ఇప్పుడు తెలుస్తుంది. రూ.30 లక్షల నుంచి 75 లక్షల మధ్య ఇంటి రుణానికి బ్యాంకు ఇంటి విలువలో 80 శాతం దాకానే ఇవ్వగలదు. రిజిస్ట్రేషన్, స్టాంపు ఖర్చులు ఆ విలువలో కలవవు. కూకట్‌పల్లికి గరిష్ఠ రుణం రూ.57.6 లక్షలు, మీ చేతి నుంచి 22.5 లక్షలు పోవాలి. అమీన్‌పూర్‌కి రుణం రూ.63 లక్షలు, మీ చేతి నుంచి 27.7 లక్షలు. అంటే మీ 14, పర్సనల్ లోన్ 8 కలిపినా కూకట్‌పల్లికే అర లక్ష తక్కువ, ఇంటీరియర్ ఊసు లేకుండా. అమ్మేవాళ్లు కొంత నల్లధనంగా ఇమ్మంటే మీ పరిస్థితి ఇంకా దిగజారుతుంది, బ్యాంకు రుణం అగ్రిమెంటులో రాసిన ధర మీదే లెక్క కడుతుంది కాబట్టి.

సరే, ఎలాగో కొన్నారనుకుందాం. 57.6 లక్షలకు 8.5 శాతం, 20 ఏళ్లు అయితే ఈఎంఐ రూ.50 వేలు. పర్సనల్ లోన్ 18,600 కలిపి రూ.68,600. ఇద్దరి జీతం రూ.1.18 లక్షల్లో 58 శాతం అక్కడికే పోయింది. మిగిలింది రూ.49,400. మీ ఇంటి ఖర్చు రూ.48 వేలు. మెయింటెనెన్స్ కట్టాక మిగిలేదేమీ లేదు. బ్యాంకు ఖాతాలో సున్నా. ఆ స్థితిలో మీ జీతం ఆగితే మేడమ్ గారి 28 వేలతో 68,600 కట్టాలి. 90 రోజులు వాయిదా దాటితే ఖాతా మొండి బాకీ అవుతుంది, ఆ తర్వాత సర్ఫేసీ చట్టం (కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకోగల చట్టం) కింద 60 రోజుల నోటీసు. మీ రంగంలో ఉద్యోగం పోయినవాళ్లకు మళ్లీ దొరకడానికి మూడు నెలలు పట్టడం వింతేమీ కాదు. ‘బ్యాంకు ఇప్పటికే ఓకే చేసింది’ అని రాశారు. ఆ మాట మీ క్రెడిట్ స్కోరు గురించి చెబుతుంది, మీ భద్రత గురించి కాదు. హోం లోన్ మంజూరయ్యాక పర్సనల్ లోన్ తీసుకుంటే బ్యాంకుకు తెలియదని ఎవరో చెప్పారట. బ్యాంకుకు తెలియకపోయినా నెలాఖరుకు మీకు తెలుస్తుంది.

కాబట్టి మొదటి పని ఏరియా ఎంపిక కాదు. మీ 14 లక్షల్లోంచి 6 లక్షలు పక్కకు తీయండి. ఇల్లు కొన్నాక ఈఎంఐ, ఇంటి ఖర్చు, మెయింటెనెన్స్ కలిపి నెలకు లక్ష అవుతుంది, దానికి ఆరు నెలలు. రెండు లక్షలు సేవింగ్స్ ఖాతాలో, నాలుగు లక్షలు ఎప్పుడైనా తీసుకోగల ఎఫ్‌డీలో, ఇద్దరి పేరునా. దీన్ని రిజిస్ట్రేషన్‌కీ వాడొద్దు, మాడ్యులర్ కిచెన్‌కీ వాడొద్దు. బిల్డరు ‘ఈ నెల 30లోపు బుక్ చేస్తే అడుగుకు రూ.200 తగ్గిస్తాం’ అన్నా తాకొద్దు. ఈ ఆరు లక్షలు లేనివాళ్లకు ఏ ఏరియా అయినా ఖరీదే.

మిగిలింది 8 లక్షలు. ఇప్పుడు నెలకు అద్దె, ఖర్చులు పోగా మీకు 48 వేలు మిగలాలి, అందులో 40 వేలు దాచండి. కూకట్‌పల్లి ఫ్లాటే కావాలంటే ఇంకా 14.5 లక్షలు కావాలి, సుమారు మూడేళ్లు. అంత ఆగలేమంటే ధర తగ్గించుకోండి. నిజాంపేట, బాచుపల్లి వైపు రూ.52 లక్షల లోపు పాత ఫ్లాటు చూస్తే అన్నీ కలిపి 58 లక్షలవుతుంది. రుణం 41.6, మీ వాటా 16.3. ఇంకా 8.3 లక్షలు చాలు, ఇరవై ఒక్క నెలల పని. ఈఎంఐ రూ.36 వేలు, జీతంలో 31 శాతం. బంగారం మీద రుణం పర్సనల్ లోన్ కంటే చవకే కానీ అదీ అప్పే. పీఎఫ్ తీయడం ఆఖరి దారి.

ఆ వైపు వెతికేటప్పుడు ఇంటి పన్ను రసీదు మాత్రం తప్పకుండా చూడండి, పన్ను ఎంతో తెలుసుకోవడానికి కాదు. అందులో పీటీఐఎన్, అంటే ఇంటి పన్ను గుర్తింపు నంబరు ఉంటుంది. దాన్ని కార్పొరేషన్ సైట్‌లో కొడితే బకాయిలు కనిపిస్తాయి. పాత బకాయి ఇంటితో పాటు మీకు సంక్రమిస్తుంది, కాబట్టి బయానా ఇచ్చే ముందే తీర్పించండి. రసీదులో జరిమానా కనిపిస్తే అక్కడే ఆగండి. ప్లాను దాటి కట్టిన భాగానికి, అనుమతి లేని అంతస్తుకు పన్ను మీద అదనంగా వడ్డిస్తారు, అనుమతి లేని అంతస్తుకైతే 100 శాతం దాకా. ఆ డబ్బు కట్టినంత మాత్రాన ఆ అంతస్తు సక్రమం కాదు. ‘పన్ను కడుతున్నాం కదండీ’ అనే పెంట్‌హౌస్ యజమానులు చాలామంది ఉన్నారు. ఓసీ (భవనం అనుమతుల ప్రకారం కట్టారని, ఉండటానికి తగినదని ఇచ్చే ధ్రువపత్రం) కాపీ అడగండి. చెరువుల పక్కనైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు), దాని చుట్టూ కట్టడాలు ఉండకూడని బఫర్ జోన్ హద్దులు చూసుకోండి. అమీన్‌పూర్‌లో 2024లో హైడ్రా కూల్చివేతలు మీరూ చూసే ఉంటారు. పాత ఫ్లాటులో భూమి వాటా ఎన్ని గజాలో డాక్యుమెంటులో చూడండి. ధర 50 లక్షలు, ఆపైన అయితే అమ్మేవారికి ఇచ్చే డబ్బులోంచి ఒక శాతం టీడీఎస్ కోసి కట్టాల్సింది మీరే. రీసేల్‌లో చాలామంది మరిచిపోయి తర్వాత నోటీసు అందుకుంటారు. రిజిస్ట్రేషన్ అయ్యాక పన్ను రికార్డులోనూ, కరెంటు మీటరు మీదా పేరు మార్పించండి.

ఇంకో విషయం, మీ ఉత్తరంలో టర్మ్ పాలసీ ప్రస్తావనే లేదు. రుణం ఎంత తీసుకుంటారో అంతకు తోడు ఇంకో 50 లక్షలకు మీ పేరున టర్మ్ పాలసీ రుణం చేతికి రాకముందే తీసుకోండి. బ్యాంకు వాళ్లు సింగిల్ ప్రీమియం పాలసీని రుణంలోనే కలిపి ఇస్తామంటారు, అప్పుడు ఆ ప్రీమియానికి కూడా 20 ఏళ్లు వడ్డీ కడతారు. వద్దనండి.